ఉపవాసం కూడా మానేస్తే నాకు ఇంకేం మిగులుతుంది?

నాలుగు పేజీల ఉత్తరం ఇది. రాసినావిడకు 71 ఏళ్లు. పేరు రాయలేదు, "భీమవరం నుంచి వచ్చినదాన్ని అనుకోండి చాలు" అన్నారు.

భర్త మూడేళ్ల కిందట గుండెజబ్బుతో పోయారు. ఆ తర్వాత ఒక ఏడాది ఆవిడ ఒక్కరే ఊళ్లో ఉన్నారు. కొడుకు ఊరుకోక హైదరాబాద్ తీసుకొచ్చేశాడు. తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్తారు, మనవరాలికి పదమూడేళ్లు. ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆవిడకు 14 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు.

ఊళ్లో తెల్లవారకముందే లేచి, ముగ్గేసి, గునుపూడి సోమేశ్వరస్వామి గుడికి నడిచి వెళ్లేవారు. మెట్లెక్కి పై అంతస్తులో అన్నపూర్ణమ్మను చూసుకుని, కోనేటి గట్టు మీద కాసేపు కూర్చుని, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేవారు. శనివారం సాయంత్రం ఆరుగురు ఆడవాళ్లు కలిసి విష్ణు సహస్రనామం చదివేవారు. ఇక్కడ దేవుడి గూడు వంటింటి అరలో ఉంది. "అక్కడ చేసినవాటిలో ఇక్కడ చేయగలిగింది ఉపవాసాలే. అందుకని వాటినే గట్టిగా పట్టుకున్నాను" అని రాశారు.

మొన్న కార్తీకంలో మూడో సోమవారం, నక్షత్రం చూశాకే భోజనమని మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉన్నారు. పొద్దుటి మాత్ర మాత్రం వేసుకున్నారు. సాయంత్రం నాలుగున్నరకు వంటింట్లో చెమటలు పట్టి పడిపోయారు. స్కూలు నుంచి వచ్చిన మనవరాలే చూసి తండ్రికి ఫోన్ చేసింది. ఆసుపత్రిలో చూస్తే షుగర్ 52. ఆ రాత్రి కొడుకు, "ఈ ఇంట్లో ఇక ఉపవాసం అన్న మాట వినపడకూడదు" అన్నాడు. ఆవిడ సరే అన్నారు. ఆ తర్వాత వచ్చిన ఏకాదశికి కోడలు పెట్టిన నాలుగు ఇడ్లీలు గదిలోకి తీసుకెళ్లి, న్యూస్‌పేపర్లో చుట్టి, చెత్తబుట్టలో అడుగున పెట్టారు.

ఉత్తరం చివర ఇంకో రెండు సంగతులున్నాయి. భర్త పోయిన ఏడాది ఆయన ఆసుపత్రిలో ఉండటంతో కేదారేశ్వర నోము నోచుకోలేదు. నోము తప్పినందుకే ఆయన పోయారేమో, ఇప్పుడు ఉపవాసం తప్పితే పిల్లల మీదకు ఏం వస్తుందోనని రాత్రిళ్లు మెలకువ వచ్చేస్తోంది. రెండోది, మనవరాలు నెలలు నిండకుండా పుట్టినప్పుడు తిరుమల మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నారు. కొడుకు ఒప్పుకోవడం లేదు. "ఇవి కూడా మానేస్తే నాకు ఇంకేం మిగులుతుంది?" అని అడుగుతున్నారు.

అమ్మా, నమస్కారం.

ముందు ఆ ఇడ్లీల సంగతి మాట్లాడదాం. ఆ రోజు పొద్దున కూడా మాత్ర వేసుకునే ఉంటారు, అబ్బాయి మాత్రల డబ్బా చూస్తాడు కాబట్టి. మీ ఉత్తరమంతటిలో నాకు భయం వేసింది అక్కడే. గ్లిమిపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, ఏకాదశి కదా అని ఆగారా, దానికి తెలియదు. తిండి లేని కడుపు మీద అది పనిచేస్తే షుగర్ పడిపోతూనే ఉంటుంది. 70 కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే, మీది 52కి వెళ్లింది. పైగా వయసు మీద పడ్డాక చెమట, వణుకు లాంటి హెచ్చరికలు సరిగ్గా కనిపించకపోవచ్చు. తికమకగా ఉండటం, మాట తడబడటం నేరుగా వచ్చేస్తాయి. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని రకాలైతే ఆ వణుకునూ గుండెదడనూ కప్పేస్తాయి కూడా. మొన్న మనవరాలు ఇంటికి వచ్చే వేళ కాబట్టి సరిపోయింది.

అందుకని, మాత్ర వేసుకుని తిండి దాచేయడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. మిగతా దేని గురించైనా మనం నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. భీమవరంలో మీ భక్తిలో ఏమేం ఉన్నాయో చూడండి. తెల్లవారకముందు లేవడానికి ఒక కారణం ఉంది, రోజూ గుడిదాకా నడక ఉంది, మెట్లెక్కడం ఉంది. పూలమ్మాయితో, పూజారిగారితో, కూరగాయల బండి దగ్గర నాలుగు మాటలు. శనివారం ఒక గంట గొంతెత్తి చదవడం. మీరు రాకపోతే "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని ఇంటికి వచ్చి అడిగే ఐదుగురు. వీటన్నిటితో పాటు నెలకు రెండుసార్లు ఏకాదశి, కార్తీకంలో సోమవారాలు. హైదరాబాద్ వచ్చేటప్పుడు మీ వెంట వచ్చింది ఆ చివరి ముక్క ఒక్కటే. భక్తిలో ఒంటిని నిలబెట్టే భాగమంతా అక్కడే ఉండిపోయింది, ఒంటిని పరీక్ష పెట్టే భాగం మాత్రం ఫ్లాట్‌లోకి వచ్చింది. దాన్నే మీరు భక్తి మొత్తం అనుకుని పట్టుకున్నారు. అబ్బాయి కూడా దాన్నే మీ భక్తి మొత్తం అనుకుని వద్దంటున్నాడు. ఇద్దరూ ఒకే పొరపాటు పడ్డారని నాకు అనిపిస్తోంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 74 వేలకు పైగా నర్సులను 16 ఏళ్లు గమనించి 2016లో ఒక అధ్యయనం వేశారు. వారానికి ఒకసారికి మించి ప్రార్థనాలయానికి వెళ్లేవాళ్లలో, అసలు వెళ్లనివాళ్లతో పోలిస్తే, ఆ కాలంలో చనిపోయే అవకాశం మూడో వంతు తక్కువగా కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు, ఆ దేశం పద్ధతులు వేరు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే బయటికి వెళ్లగలరన్న మాటా ఉంది. అందుకని దాన్ని యథాతథంగా మనకు అంటగట్టను. కానీ వాళ్లు కారణాలు వెతికినప్పుడు ముందుకు వచ్చిన వాటిలో తోటివాళ్ల తోడు, పొగతాగే అలవాటు తక్కువగా ఉండటం, రేపటి మీద ఆశ ఉన్నాయి. తిండి మానేయడం ఆ లెక్కలో లేదు. ఇటలీలో 2001లో చేసిన ఇంకో చిన్న అధ్యయనంలో, జపమాల తిప్పుతూ ప్రార్థన చదివినా, మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరకు నెమ్మదించిందని, గుండె లయ కూడా దాంతో కుదురుకుందని తేలింది. శనివారం సహస్రనామం అయ్యాక ఒళ్లు తేలికపడినట్టు ఉండేదని మీరే రాశారు కదా. శ్లోకం ముగిసేదాకా ఊపిరిని నెమ్మదిగా వదలడంలో ఉంది ఆ మహిమలో కొంత. మిగతాది పక్కన కూర్చున్నవాళ్లది.

ఇక శాస్త్రం మాటకు వద్దాం, మీకు నాకన్నా ఎక్కువే తెలుసు. మీరు ఏటా చదివే కార్తీక పురాణంలోనే సోమవార వ్రతం ఆరు రకాలుగా చెప్పారు: ఉపవాసం, ఏకభుక్తం (ఒక్కపూట భోజనం), నక్తం (పగలంతా ఉండి రాత్రి భోజనం), అయాచితం (అడగకుండా ఎవరైనా పెడితేనే తినడం), స్నానం, తిలదానం. ఉపవాసం ఉండలేనివాడు ఒక్కపూట తినొచ్చు, అదీ చేతకానివాడు స్నానజపాలతో సరిపెట్టుకోవచ్చు, ఏదీ చేతకానివాడు నువ్వులు దానం చేయొచ్చు. శక్తి లేనివాళ్లు ఉంటారని రాసినవాళ్లకు తెలుసు కాబట్టే కదా ఆరు రకాలు పెట్టారు! మహాభారతంలో విదురుడు కూడా వ్రతాన్ని చెరపని వస్తువులు ఎనిమిది చెప్తాడు. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు ఆ వరసలో ఉన్నాయి. చివరిది ఔషధం. నీళ్లు తాగితే వ్రతం పోదని ఆయన చెప్తుంటే మీరు మంచినీళ్లు కూడా ముట్టలేదు. మన ఒక్కళ్లకే కాదు, రంజాన్ ఉపవాసం నుంచి రోగులకు, బాగా పెద్దవాళ్లకు మినహాయింపు ఉంది, తర్వాత కూడా ఉండలేనివాళ్లు బదులుగా ఒక పేదవాడికి అన్నం పెడతారు. కేథలిక్కులకు 59 నిండాక ఉపవాస నియమమే వర్తించదు.

మరి ఏం చేయొచ్చు?

ఒకటి, అబ్బాయి చెప్పినట్టు పూర్తిగా మానేయడం. షుగర్‌కు ఇది అన్నిటికన్నా క్షేమం, ఇంట్లో గొడవా ఉండదు. కానీ సోమవారానికీ మంగళవారానికీ తేడా లేకుండా పోతుంది, మీ దిగులు పెరుగుతుంది. ఈ దారి ఎంచుకుంటే ఆ రోజును ఖాళీగా వదలకండి. ఆ ఆరింటిలో చివరిది, దానం, పట్టుకోండి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, పనిమనిషి పిల్లలు ఉంటారు. కార్తీక సోమవారం మీ చేత్తో వండి ఒకరికి అన్నం పెట్టండి, మీరూ తినండి.

రెండోది, ఉపవాసం రూపం మార్చడం. ముందు డాక్టర్ని కలవాలి, అదీ ఏకాదశికి పది రోజుల ముందు, అబ్బాయిని వెంటబెట్టుకుని. "ఉపవాసం ఉండొచ్చా?" అని అడిగితే ఏ డాక్టరైనా వద్దనే అంటారు. "పొద్దున పాలు, మధ్యాహ్నం భోజనం, రాత్రి ఫలహారం చేసే రోజు ఏ మాత్ర ఎంత వేసుకోవాలి? షుగర్ ఎన్నిసార్లు చూసుకోవాలి?" అని అడగండి. మోతాదు మీరే తగ్గించుకోకూడదు, మీరే మానేయకూడదు. మెట్‌ఫార్మిన్ లెక్క వేరు, గ్లిమిపిరైడ్ లెక్క వేరు, మీ మాత్రలో రెండూ కలిసి ఉన్నాయి. గ్లూకోమీటర్ ఇంట్లో ఉండాలి, దాన్ని ఎలా వాడాలో మనవరాలికి కూడా తెలియాలి. 70 కన్నా తగ్గితే ఆ క్షణమే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగేయాలి, పావుగంటాగి మళ్లీ చూసుకోవాలి. ఆ రోజుకు ఉపవాసం అయిపోయినట్టే, అందులో ఆలోచించడానికేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరైనా ఉన్న రోజే చేయాలి. ఇంకో చిక్కు ఉంది. ఉపవాసమంటే మనవాళ్లు అన్నం మానేసి అరడజను అరటిపళ్లు, అటుకులు బెల్లం తింటారు, అప్పుడు షుగర్ పడిపోవడానికి బదులు బాగా పెరిగిపోవచ్చు. ఇవన్నీ విన్నాక కూడా డాక్టర్, "ఒకసారి 52కి వెళ్లినావిడకు నేను ఒప్పుకోను" అనొచ్చు. అంటే దాన్ని గురువు మాటగా తీసుకోండి, విదురుడి వరసలో గురువు మాట కూడా ఉంది.

అక్కడికి వెళ్లినప్పుడే కాళ్ల తిమ్మిర్ల గురించి కూడా చెప్పండి. ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, అందులోనూ శాకాహారులకు, బీ12 విటమిన్ తగ్గిపోవచ్చు, దానివల్లా తిమ్మిర్లు రావచ్చు. రక్తపరీక్షతో తెలిసిపోయే సంగతి. స్పర్శ తగ్గిన పాదాలతో ఎండెక్కాక గుడి రాళ్ల మీద ప్రదక్షిణలు చేయకండి. కాలినట్టు తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బ కనిపిస్తుంది. పొద్దున్నే చేసుకోండి.

మూడోది, కార్తీకంలో భీమవరం వెళ్లి రావడం. అబ్బాయికి చెప్పడానికి మీరు జంకుతున్నారని అర్థమైంది, "ఇక్కడ ఏం తక్కువైంది?" అంటాడని. ఒంటరిగా ఇంట్లో ఉంటానంటే అతను ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. మీ చెల్లెలుగారింట్లో పదిహేను రోజులు ఉంటానంటే అది వేరే సంగతి. వచ్చిన చిక్కల్లా తిరిగి వచ్చాక ఇక్కడి ఖాళీ మరింత పెద్దదిగా కనిపించడం. దానికి సిద్ధపడి వెళ్లండి.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా, నా లెక్కలో ఉపవాసం చిన్న విషయం. పెద్ద విషయం మీ శనివారం. ఊళ్లో ఉన్న ఆ ఐదుగురూ ఇప్పటికీ శనివారం కూర్చుంటున్నారా? కూర్చుంటుంటే ఫోన్ స్పీకర్లో పెట్టమనండి, వీడియో కాల్ మనవరాలు కలిపిస్తుంది. గొంతులు వెనకాముందూ అవుతాయి, మొదట్లో నవ్వొస్తుంది, రెండు వారాలకు అలవాటైపోతుంది. కానీ ఫోన్‌తో సరిపెట్టుకోకండి, మీకు ఎదురుగా మనుషులు కావాలి. వందల కాపురాలున్న అపార్ట్‌మెంట్‌లో కొడుకుల దగ్గరకు వచ్చి సాయంత్రాలు బెంచీల మీద కూర్చునే మీ ఈడు వాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లలో సగంమంది, నేనేం మాట్లాడతానులే అనుకుని కింద చూస్తూ కూర్చుంటారు. పక్క బ్లాకులో కన్నడ ఆవిడ ఉంటే ఆవిడకు తెలుగు రాకపోవచ్చు, లలితా సహస్రనామం వచ్చే ఉంటుంది. ఇద్దరు చాలు మొదలుపెట్టడానికి. మా వీధిలో ఒక పెద్దావిడ లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు, "శనివారం 5 గంటలకు సహస్రనామం, కుర్చీలు ఉన్నాయి" అని. కుర్చీలు ఉన్నాయి అన్న ముక్క చూసే నలుగురు వచ్చారట, నేల మీద కూర్చోలేక భజనలు మానుకున్నవాళ్లు.

నడక కూడా అలాగే. అపార్ట్‌మెంట్‌లో వినాయకుడి చిన్న గుడి ఉందని రాశారు, "అది గుడేమిటి లెండి" అని తీసిపారేశారు కూడా. గుడి చిన్నదైనా పదకొండు ప్రదక్షిణలకు నడక వస్తుంది. రేపు పొద్దున ఒకసారి వెళ్లి చూడండి.

ఇప్పుడు నోము గురించి. ఇది రాయడానికి కాస్త తటపటాయించాను. ఆ కార్తీక పౌర్ణమి నాడు మీరు ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోయిందని కూడా రాశారు. అప్పటికే ఆయన గుండె బాగా బలహీనపడిపోయింది, అందుకే కదా ఆసుపత్రిలో ఉన్నారు. నోము తప్పడం ముందు రాలేదమ్మా, జబ్బు ముందు వచ్చింది. నలభై ఏళ్లు మీరు పూజించిన స్వామి, భర్త మంచం పక్కన కూర్చున్న మనిషిని దారం కట్టుకోలేదని శిక్షిస్తాడా? మీకు తెలిసిన శివుడు అలాంటివాడైతే మీరు ఇన్నేళ్లు కోనేటి గట్టు మీద అంత నిశ్చింతగా కూర్చోగలిగేవారు కాదు. మతం వల్ల మనసుకు కలిగే ఊరటనే కాదు, దేవుడు నన్ను శిక్షించాడు, వదిలేశాడు అన్న బాధనూ కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ బాధ పెద్ద వయసులో ఒంటికీ మంచిది కాదని ఆయన పని చెప్తుంది. మిమ్మల్ని ఇప్పుడు ఉపవాసం ఉంచుతున్నది భక్తి కన్నా ఈ భయమేనేమో, ఒకసారి చూసుకోండి.

మీ ఊరి పురోహితుడిగారికి ఒక ఫోన్ చేసి ఈ మాట అడగండి. తప్పిన నోముకు దారి ఆయన చెప్తారు. చాలా ఇళ్లలో నోమును కోడలికి అప్పగించే ఆనవాయితీ ఉంది, ఆ అమ్మాయికి ఇష్టముంటేనే సుమా. ఆమె మౌనంగా ఉంటుందని రాశారు, మౌనమంటే ఒప్పుకోలు అనుకోకండి, కాదనడం అని కూడా అనుకోకండి, అడిగి చూడండి. రాత్రి మూడు గంటలే నిద్రపోతున్నానన్న సంగతి మాత్రం డాక్టర్‌కు చెప్పాలి. నెలల తరబడి నిద్ర లేకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం దిగులు జబ్బు కావచ్చు. దానికీ మందు ఉంది, బీపీకి ఉన్నట్టే.

తిరుమల మొక్కు తేలికగా తేలేదే. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే. దగ్గర కదా అని అటు మొగ్గకండి, ఎక్కడం నిటారుగా ఉంటుంది. గుండె, మోకాళ్లు చూపించుకున్నాక డాక్టర్ సరేనంటే నెమ్మదిగా ఆగుతూ వెళ్లొచ్చు, కానీ దారిలో షుగర్ పడితే చూసుకోవడానికి మనిషి పక్కన ఉండాలి. నాకు నచ్చిన దారి వేరే. అలిపిరిలో పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని, మొదటి మెట్లకు పసుపు కుంకుమ పెట్టి, మీరు బస్సెక్కండి. అబ్బాయి, మనవరాలు నడిచి వస్తారు. ఆ పిల్ల కోసమే కదా మొక్కుకున్నారు, ఆ పిల్ల కాళ్లతోనే తీరనివ్వండి. ఇది నా అభిప్రాయం, మొక్కు మీది.

అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఏకాదశితో మొదలుపెట్టకండి. అతను తండ్రిని ఆసుపత్రిలో పోగొట్టుకున్నాడు, మూడేళ్లు తిరక్కుండా తల్లిని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. అందుకే ఆ రోజు అంత గట్టిగా మాట్లాడాడు. ముందు కోనేటి గట్టు గురించి చెప్పండి, ఆ ఐదుగురి పేర్లు చెప్పండి. పొద్దున ఎవరెవరు ఎదురయ్యేవారో చెప్పండి. అతనికి ఇవేవీ తెలియవని నా అనుమానం. ఆ తర్వాత న్యూస్‌పేపర్లో చుట్టిన ఇడ్లీల సంగతి కూడా మీరే చెప్పేయండి. చెత్తబుట్ట తీసేటప్పుడు కోడలు ఎప్పుడో చూసే ఉంటుంది.